బెత్లెహేము దుబాసీగారు, మా వెనక వరండా

కువైట్‌లో నేను టైపిస్టుగా చేరిన ఆఫీసు షర్క్‌లో, చేపల మార్కెట్‌కి దగ్గర్లో ఉండేది. డెబ్బైల చివరి మాట ఇది. కిటికీ తెరిస్తే చేపల వాసన, మూస్తే పాత ఏసీలోంచి తడిసిన గోనెసంచి వాసన. రెండిట్లో ఏది నయమో తేల్చుకోలేక మొదటి వారమంతా కిటికీ తెరుస్తూ మూస్తూ గడిపాను. నా ఎదురు బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన చూసి చూసి, చివరికి లేచి వచ్చి, కిటికీని సగానికి తెరిచి, అది కదలకుండా కింద మడతపెట్టిన అట్టముక్క దోపారు.

"ఇప్పుడు రెండు పక్షాలూ గెలిచినట్టే" అన్నారు ఇంగ్లీషులో.

ఆయన మా ఆఫీసు అనువాదకులు. పైపులు, సిమెంటు, టైల్సు తెప్పించే కంపెనీ మాది. ఇటలీ నుంచి వచ్చే ఉత్తరాల్ని అరబ్బీలోకీ, అరబ్బీ ఉత్తరాల్ని ఇంగ్లీషులోకీ ఆయన మారిస్తే నేను టైపు కొట్టేదాన్ని. వయసు డెబ్బై అయిదుకి దగ్గర. ఎంత ఎండాకాలమైనా టై విప్పేవారు కాదు. తెల్ల మీసం, సన్నటి గొంతు. ఆయన నవ్వితే ముందు భుజాలు కదిలేవి, ఆ తర్వాతే నవ్వు వినపడేది.

"నన్ను మిస్టర్ అనకు. మా వైపు చిన్నవాళ్ళందరూ పెద్దవాళ్ళని అమ్మో అంటారు. అంటే బాబాయ్ అని" అన్నారు.

"అమ్మో!" అన్నాను, నవ్వాపుకోలేక.

"అదే! మొదటిసారే ఎంత చక్కగా పలికావు" అని సంతోషపడ్డారు. మా భాషలో ఆ మాటకి అర్థమేమిటో చెప్పడానికి నాకు మనసు రాలేదు.

మాది ఏలూరు దగ్గర పల్లె. మా ఆయన షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు. పెళ్ళయిన రెండో ఏడు నేనూ వచ్చి చేరాను. ఇంటికొచ్చి ఆఫీసు కబుర్లు చెబుతుంటే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవారు. "నువ్వు ఆయన్ని పిలిచినప్పుడల్లా ఆఫీసులో తేలు కనపడిందేమో అనుకుంటారు జనం" అనేవారు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, అలవాటుగా సిలువ గుర్తు వేసుకున్నాను. అమ్మో చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"నువ్వు లాతీనా?"

"లాఠీనా?" అన్నాను, ఏమీ అర్థంకాక.

"కాథలిక్కువా అని. మా ఊళ్ళో గ్రీకులుంటారు, ఆర్మీనియన్లుంటారు, లాతీనులుంటారు. అందరూ క్రైస్తవులే. నేను లాతీను."

"మీది ఏ ఊరు?"

"బెత్లెహేము."

నేను చెయ్యి డబ్బాలోంచి తీసేశాను. మా నాన్న పల్లెలో ఉపదేశి. ఫాదరుగారు రాని ఆదివారాల్లో ప్రార్థన చెప్పించేది ఆయనే. ప్రతి క్రిస్మస్‌కీ గడ్డితో పశువులపాక కట్టి, బొమ్మలు పేర్చి, పైన నక్షత్రం వేలాడదీసేవారు. నాకు బెత్లెహేము అంటే ఆ గడ్డిపాకే. అక్కడ మనుషులు పుడతారనీ, బడికెళ్తారనీ, పెద్దయ్యాక వచ్చి నా ఎదురు బల్ల మీద పైపుల ఉత్తరాలు అనువాదం చేస్తారనీ ఎప్పుడూ అనుకోలేదు.

"అక్కడ గొర్రెలు ఉన్నాయాండీ?" అని అడిగాను.

"చాలా ఉన్నాయి. మా పెరట్లో కూరగాయలన్నీ అవే తినేవి" అన్నారు అమ్మో.

ఆ రోజు నుంచి మా మధ్యాహ్నపు భోజనం ఎక్కువసేపు సాగేది. ఆయన నాన్నగారు ముత్యపుచిప్పలతో సిలువలూ జపమాలలూ చెక్కేవారు. కొడుకుని సన్యాసుల బడిలో వేశారు. అక్కడ ఇటాలియను, ఫ్రెంచి వచ్చాయి. మొదటి యుద్ధం అయ్యాక తుర్కీ వాళ్ళ రాజ్యం పోయి ఆ దేశం ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. దాంతో ఇంగ్లీషూ వచ్చింది. అన్ని భాషలు వచ్చిన కుర్రాణ్ణి ఊరికే ఉండనివ్వరు కదా. యెరూషలేములో లాతీను బిషప్పుగారి కార్యాలయంలో దుబాసీగా తీసుకున్నారు. రోము నుంచి పోపుగారి తరఫున ఎవరొచ్చినా, ఇంగ్లీషు దొరల దగ్గరికి వెళ్ళినా, గ్రీకు స్వాములతో తగువు వచ్చినా, మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడం ఆయన పని.

"ఏం తగువులు ఉండేవి?" అన్నాను.

అమ్మో చక్కెర డబ్బా తెరిచి, బిళ్ళలు బల్ల మీద పేర్చారు. "ఇది ఫ్రెంచి కాన్సల్. తుర్కీ కాలంలో కాథలిక్కులందరికీ రక్షకుణ్ణి నేనే అనేవాడు. అందుకని పూజలో ఆయన కుర్చీ అందరికన్నా ముందు. ఇది ఇటలీ కాన్సల్. 'తుర్కీ వాళ్ళు పోయారు కదా, ఇంకా నీ కుర్చీ ముందెందుకు?' అంటాడు. ఆ కుర్చీ ఎక్కడ వెయ్యాలన్నదాని మీద రోముకీ పారిస్‌కీ టెలిగ్రాములు వెళ్ళేవి."

"ఒక్క కుర్చీకా?"

"కుర్చీ కాదమ్మాయ్. ఈ ఏడు ఎక్కడ వేశారో వచ్చే ఏడూ అక్కడే వెయ్యాలి. అదే అక్కడి చట్టం. నిన్న ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉండాలి. క్రీస్తు పుట్టిన చోట మెట్లున్నాయి. ఏ మెట్టు ఎవరు ఊడుస్తారో ఆ మెట్టు వాళ్ళది. ఎవరు మేకు కొడితే ఆ గోడ వాళ్ళది. ఒకసారి కిటికీ అద్దం పగిలింది. గ్రీకులు మేం వేయిస్తాం అన్నారు. లాతీనులు మేం వేయిస్తాం అన్నారు. ఆర్మీనియన్లు మేమే అన్నారు. వేయించినవాళ్ళది కిటికీ అయిపోతుందని ఒకర్నొకరు వేయించనివ్వలేదు. వానాకాలమంతా లోపల తడిసింది. ఆఖరికి ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన వచ్చి సర్కారు తరఫున అద్దం బిగించి వెళ్ళాడు. ఆయనది ఏ మతమో నేనెప్పుడూ అడగలేదు."

ఆయన భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు వచ్చింది. అది చూసి నేనూ నవ్వాను. ఆ కథ మా ఇంట్లో చాలాకాలం నడిచింది. బాత్రూం బల్బు మాడిపోతే మా ఆయన "ఇంగ్లీషు ఇంజనీరుని పిలు" అనేవారు.

ఇక మా శుక్రవారాల సంగతి చెప్పాలి. అక్కడ సెలవు శుక్రవారం. సిటీలో ఉన్న చర్చికి ఆ రోజు జాతరకి వచ్చినట్టు వచ్చేవారు జనం. ఒక్కో భాషకి ఒక్కో పూజ. పూజ అయ్యాక వెనక హాల్లో ఒక్కో భాషవాళ్ళకి ఒక్కో గంట. పాటలు, పిల్లలకి ప్రార్థనలు నేర్పడం, టీ, సమోసాలు. మా తెలుగువాళ్ళం మాత్రం ప్రహరీగోడ నీడలో నిలబడి, తెచ్చుకున్న పులిహోర కాగితం పొట్లాల్లో తినేసి వెళ్ళిపోయేవాళ్ళం. ఆస్పత్రి నర్సులు కొందరు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు కొందరు, మంగఫ్ లేబర్ క్వార్టర్ల నుంచి వచ్చే మగవాళ్ళు కొందరు. ఆ మంగఫ్ వాళ్ళని తను నడిపే కంపెనీ బస్సులో తీసుకొచ్చేది రాయచోటి తమ్ముడు. అతను ముస్లిం. సిటీలో జుమ్మా నమాజుకి వస్తూ దారిలో వీళ్ళని దింపి, నమాజయ్యాక వచ్చి ఎక్కించుకునేవాడు. నన్ను అక్కా అనేవాడు. నా పులిహోరలో మిరపకాయ తక్కువని ప్రతి వారం చెప్పేవాడు.

మాలో బాగా పాడేది అమలాపురం వైపు అమ్మాయి ఒకతె. ఒక కువైటీ ఇంట్లో వంటపని. ఆ ఇంటి యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం మామా అనేది. ఒక శుక్రవారం గోడ దగ్గర పొట్లం మడుస్తూ అంది. "అక్కా, ఈ దేశంలో ఒక్క పాట గొంతెత్తి పాడుకునే చోటు లేదాండీ? ఇంట్లో పాడదావంటే మామా పడుకుంటాదండి. ఇక్కడ పాడదావంటే లోపల వేరేవాళ్ళ పూజ నడుస్తుంటాదండి. నా గొంతు నేనే విని ఎన్నాళ్ళయిందో తెలుసాండీ?"

ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది. ఆ రోజే హాలు తాళాలు చూసే గోవా ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఎప్పటినుంచో ఆ చర్చిలో ఉంది. పూలగౌను, నడుముకి తాళంచెవుల గుత్తి, చేతిలో ఎప్పుడూ ఒక విసనకర్ర. నేను సంగతి చెప్పేలోపే తల అడ్డంగా ఊపింది.

"శుక్రవారం హాలు ఖాళీ లేదు బిడ్డా. తమిళవాళ్ళకే సగం గంట తక్కువొచ్చిందని గొడవ. నీకు నేనెక్కడ తెచ్చిచ్చేది?"

శనివారం ఆఫీసులో నా టైపు మిషను చప్పుడు వింటేనే అమ్మోకి తెలిసిపోయింది.

"ఎవరి మీద కోపం, ఆ అక్షరాల్ని అలా కొడుతున్నావు?"

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాత పని మళ్ళీ దొరికిన మనిషిలా కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"హాలు వెనక ఏముంది?"

"వరండా ఉంది. ఎవరూ వెళ్ళరు. విరిగిన బెంచీలు, ఇసక."

"ఎవరు ఊడుస్తారు?"

"ఎవరూ ఊడవరు."

అమ్మో భుజాలు కదిలాయి. "అయితే మీరు ఊడవండి."

"ఊడిస్తే?"

"అడక్కండి. పాడకండి. అర్జీలు పెట్టకండి. ప్రతి శుక్రవారం ఒకే సమయానికి వెళ్ళి ఊడవండి. ఊడ్చి ఇంటికి పోండి. అంతే. యెరూషలేములో పెద్దపెద్ద స్వాములు పోప్ దగ్గరికీ రాజుల దగ్గరికీ వెళ్ళి సాధించలేనిది మా ఊరి ముసలి సన్యాసి ఒకాయన చీపురుతో సాధించాడు."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నమ్మలేదు. శుక్రవారం ఆయనకి నిద్ర రోజు. అయినా చీపుళ్ళు పట్టుకుని మాతో వచ్చారు. మొదటి రోజు పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాం. ఎన్ని ఇసక గాలుల ఇసక చేరిందో అక్కడ, తీసిన కొద్దీ వస్తూనే ఉంది. మంగఫ్ వాళ్ళు పారలు తెచ్చారు. అమలాపురం అమ్మాయి కొంగు నడుముకి దోపి, ఇసకని బకెట్లలోకి ఎత్తుతూ, "గోదారి లంకలో ఉన్నట్టుందండి" అంది. మొత్తం తీసేసరికి కింద ఎర్రటి పలకలు బయటపడ్డాయి. వాటి మీద తెల్ల పువ్వుల ముగ్గు. అటుగా వచ్చిన ఫాదరుగారు ఆగిపోయి, "ఇక్కడ నేల ఉందా?" అన్నారు ఆశ్చర్యంగా. ఆయన వచ్చి చాలా ఏళ్ళయిందట, ఆ పలకలు చూడటం అదే మొదలు.

తర్వాత వారం మళ్ళీ ఇసక. మళ్ళీ ఊడ్చాం. ఆ తర్వాతి వారమూ అంతే. విరిగిన బెంచీలకి మా ఆయన ఇనప పట్టీలు వేసి బోల్టులు బిగించారు. రాయచోటి తమ్ముడు నమాజు నుంచి వచ్చి కూర్చుని చూసేవాడు. "ఏందక్కా, దేవుని మొక్కేదానికి వచ్చి వారం వారం ఇల్లు కడిగినట్టు కడిగి పోతారు మీరు?" అనేవాడు. ఒకరోజు చీపురు అతనే లాక్కున్నాడు. "ఇట్లా గాలికి ఎదురుగా ఊడిస్తే అంతా మీ మొగానికే వస్తాది, ఇటు తిరగండి" అని మాకు ఊడవడం నేర్పించాడు.

కొన్ని నెలలు ఇలా గడిచాక ఒక శుక్రవారం మేం వెళ్ళేసరికి వరండా తళతళా మెరుస్తోంది. నీళ్ళు ఇంకా ఆరలేదు. మూలన గోవా ఆంటీ నిలబడి విసనకర్రతో విసురుకుంటోంది. ఆవిడ వెనక ముగ్గురు ఆడవాళ్ళు తుడుపుగుడ్డ కర్రలతో ఉన్నారు.

"మీకు ఎందుకు శ్రమ బిడ్డా? ఇక నుంచి మా వాళ్ళు కడుగుతారు" అంది ఆంటీ, చాలా తియ్యగా.

శనివారం ఈ సంగతి విన్న అమ్మో సంతోషానికి హద్దు లేకుండా పోయింది. "చూశావా! ఆవిడకి తెలుసు! ఆవిడ చాలా తెలివైన మనిషి. అట్లాంటివాళ్ళతో పని చేసి ఎన్నాళ్ళయిందో!" అన్నారు.

"మరి మేమేం చెయ్యాలి?"

"మీరూ వెళ్ళి ఊడవండి."

అలా ఆ వరండాని వారానికి రెండుసార్లు, రెండు జట్లవాళ్ళం, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం శుభ్రం చెయ్యడం మొదలైంది. మేం ముందొస్తే వాళ్ళు తర్వాత కడిగేవారు. వాళ్ళు ముందొస్తే మేం తడి నేల మీదే చీపురు ఆడించేవాళ్ళం. ఫాదరుగారు పూజలో అందరికీ మమ్మల్ని చూపించి, "చూడండి, ప్రేమతో పోటీ పడి సేవ చేస్తున్నారు" అని మెచ్చుకున్నారు. గోవా ఆంటీ తల వంచుకుంది. నేనూ వంచుకున్నాను. మా ఆయనకి దగ్గు వచ్చి బయటికి వెళ్ళిపోయారు.

చివరికి ఆంటీయే ముందు మాట కదిపింది. కమిటీ వేద్దాం అంది. వరండా ఎవరు ఎప్పుడు వాడుకోవాలో కమిటీ తేలుస్తుంది. మా తరఫున మాట్లాడటానికి అమ్మోని రమ్మన్నాను. ఆయన ఎప్పుడూ పొద్దున్నే అరబ్బీ పూజకి వచ్చి వెళ్ళిపోయేవారు కాబట్టి మావాళ్ళెవరూ ఆయన్ని చూడలేదు. గోధుమరంగు సూటు వేసుకుని, జేబులో చేతిరుమాలు మడతపెట్టి, రాయబారానికి వచ్చినట్టే వచ్చారు. గోవా ఆంటీకి వంగి నమస్కారం చేసి, ఆవిడ చెయ్యి అందుకుని ఫ్రెంచిలో ఏదో అన్నారు. ఆవిడ విసనకర్ర ఆగిపోయింది.

బెంచీల మీద కూర్చున్నాం. కమిటీలో ఎంతమంది అన్నది మొదటి ప్రశ్న. ఆంటీ తనవాళ్ళు ఐదుగురు, మావాళ్ళు ఇద్దరు అంది, వాళ్ళు పాతవాళ్ళు కాబట్టి. మేం సమానం కావాలన్నాం. తలుపు దగ్గర నిలబడి వింటున్న తమిళాయన, వరండా అందరిదీ కాబట్టి తమకీ ఇద్దరుండాలన్నాడు. అయితే మలయాళీలకి ఎందుకు ఉండకూడదని ఇంకొకరు. వరండా మధ్యలో ఉన్న స్తంభం ఎవరి సగంలోకి వస్తుందని మంగఫ్ నుంచి వచ్చిన మనిషి ఒకతను అడిగాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

అమ్మో వైపు చూశాను. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఎంతసేపు కదిలినా నవ్వు మాత్రం రావడం లేదు. చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నవ్వీ నవ్వీ నీళ్ళొచ్చాయో, మామూలుగానే వచ్చాయో నాకు తెలియలేదు.

నన్ను పక్కకి పిలిచి చెప్పారు. "మాకూ ఇలాగే ఒక కమిషన్ వేస్తామన్నారు అమ్మాయ్. నానాజాతి సమితి రాసిన కాగితంలోనే ఉంది. పుణ్యస్థలాల్లో ఎవరి హక్కులేమిటో తేల్చడానికి. రోముకి చాలా భయాలుండేవి. ఏలేవాళ్ళు కాథలిక్కులు కారు. యూదులకి అక్కడ నివాసం ఇస్తామని వాళ్ళు మాటిచ్చారు. మేమేమో ఇది మా ఊరంటున్నాం. ఇంత గందరగోళంలో మన గుళ్ళేమవుతాయి అని రోము దిగులు. కమిషన్ వస్తే మంచిదే. కానీ అందులో కాథలిక్కులెంతమంది, గ్రీకులెంతమంది, అధ్యక్షుడెవరు? ఆ మాటే తెగలేదు. ఎన్ని ఉత్తరాలు తర్జుమా చేశానో! కమిషన్ ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఆ తర్వాత ఇంకో యుద్ధం, ఇంకో యుద్ధం. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయారు. దేశం ముక్కలైంది. నేను యెరూషలేములో కట్టుకున్న ఇల్లు కొత్తగా గీసిన సరిహద్దు గీతకి అవతల ఉండిపోయింది. చిన్న ఇల్లే. నిమ్మచెట్టు ఉండేది."

ఆయన చేతిరుమాలు మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు.

"అందుకని మీరు కమిటీ వెయ్యకండి. ఆవిడని భోజనానికి పిలు."

"ఎవర్ని? ఆంటీనా?"

"ఆంటీనీ, ఆవిడ తుడుపుకర్రల సైన్యాన్నీ. ఇక్కడే, ఈ వరండాలోనే."

వచ్చే శుక్రవారానికి పిలిచాను. ఆవిడ ముందు అనుమానంగా చూసింది, తర్వాత "చేప నేను తెస్తాను" అంది. ఆ మాటతో సగం పని అయిపోయిందని అమ్మో అన్నారు. మేం గోంగూర పప్పు, పులిహోర, వంకాయ కూర చేశాం. గోంగూర ఎక్కడిదంటే, మంగఫ్‌లో క్వార్టర్ల వెనక పంపు నీళ్ళకి ఒకాయన నాలుగు మొక్కలు పెంచాడు. ఆంటీ షర్క్ మార్కెట్‌లో తనే బేరమాడి జుబైదీ చేప తెచ్చింది. అది మన చందువాయే. కొబ్బరిపాలు పోసి, ఎర్రగా, పుల్లగా వండింది. రాయచోటి తమ్ముడు ఒక ముక్క నోట్లో వేసుకుని వేళ్ళు కూడా నాక్కున్నాడు. తర్వాత, "అక్కా, కారం ఇట్లా ఉండాల" అన్నాడు. ఆంటీకి తర్జుమా చేసి చెప్పాం. ఆవిడ అతనికి ఇంకో రెండు ముక్కలు వేసింది.

తింటూ తింటూ ఆవిడే చెప్పుకొచ్చింది. తను కొత్తగా వచ్చిన రోజుల్లో తమవాళ్ళకీ చోటు లేదట. ఎవరింటి డాబా మీదో కలుసుకునేవారట. హాలు కట్టాక ఒక గంట దొరికింది. పండగల పేరు చెప్పి, రిపేర్ల పేరు చెప్పి ఆ గంటలోంచి ముక్కలు కోసుకుపోతూనే ఉన్నారట. "మీరు చీపురు పట్టుకురాగానే నాకు గుండె దడ పుట్టింది. ఇవాళ వరండా, రేపు హాలు అనుకున్నాను" అంది.

"మాకు హాలొద్దు ఆంటీ. ఈ పిల్ల గొంతెత్తి పాడుకోవాలి, అంతే" అని అమలాపురం అమ్మాయిని చూపించాను.

"అంతేనా? అయితే ఇప్పుడే పాడమను!"

అమ్మాయి చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. "ఇప్పుడాండీ? ఎంగిలిచేత్తోనాండీ?" అంది. చెయ్యి కడుక్కుని, స్తంభానికి ఆనుకుని నిలబడింది. మొదటి చరణంలో గొంతు వణికింది. రెండోసారికి నిలబడింది. మేమందరం అందుకున్నాం. అందరం ఒకే రాగంలో ఉన్నామని చెప్పలేను. మంగఫ్ వాళ్ళొక వేగంలో, నర్సులొక వేగంలో పాడారు. మా ఆయన గ్యారేజీలోంచి తెచ్చిన బేరింగు మూతల్ని గుత్తిగా కట్టి తాళం వేశారు, అది ఇంకో వేగం. పాట అయ్యేసరికి హాల్లోంచి జనం వచ్చి తలుపు దగ్గర మూగారు.

గోవా ఆంటీ లేచి గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసింది. వరండాలోకి వచ్చే పక్కగేటుది. నా చేతిలో పెట్టి, "మా గంట అయ్యాక మీరు. క్రిస్మస్‌కి మాతో కలిసి ఒక పాట పాడాలి. ఆ అమ్మాయి మా వరసలో నిలబడాలి" అంది. అమ్మో వెంటనే, "ఆ ఒక్క పాటకేనా, ఎప్పటికీనా?" అని అడిగారు. ఆవిడ విసనకర్రతో ఆయన చేతి మీద కొట్టింది.

అప్పటినుంచి శుక్రవారం మాదైంది. మొదటి క్రిస్మస్‌కి ముందు వరసలో అమ్మోకి కుర్చీ వేశాం. ఆయన దాన్ని తనే ఎత్తుకుని చివరి వరసకి తీసుకెళ్ళారు. "వయసంతా వేరేవాళ్ళకి కుర్చీలు వేయించాను. ఇప్పుడు నాకు నచ్చిన చోట కూర్చుంటాను" అన్నారు. రాయచోటి తమ్ముడు ఆయన పక్కన చేరాడు. ఇద్దరూ అరబ్బీలో కబుర్లాడుకున్నారు. అప్పటికి నాకూ నాలుగు అరబ్బీ ముక్కలు వచ్చు కాబట్టి, వినకూడదనుకుంటూనే విన్నాను. పాట గురించి కాదు, మాంసం ఉడికించిన నీళ్ళలో వండిన అన్నం మంచిదా, నెయ్యిలో వేయించింది మంచిదా అని.

ఒక శుక్రవారం అమలాపురం అమ్మాయిని తీసుకెళ్ళడానికి వాళ్ళ మామా స్వయంగా కారులో వచ్చింది. డ్రైవరుకి ఒంట్లో బాగాలేదట. గేటు దగ్గర కారు ఆపుకుని పాట అయ్యేదాకా కూర్చుంది. అమ్మాయి పరుగెత్తుకెళ్ళి, ఆలస్యమైందని తిడుతుందేమోనని తల వంచుకుంది. "ఆ పాడింది ఎవరు?" అని అడిగిందట ఆవిడ. "నేనే మామా." "మరి మా ఇంట్లో ఎందుకు మూగదానిలా ఉంటావు?" అందట. తర్వాతి వారం ఆ అమ్మాయి ఈ సంగతి మాకు ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పిన ప్రతిసారీ మామా గొంతు అనుకరించి మరీ చెప్పింది. సాయంత్రం వంట చేసేటప్పుడు పాడుకోవచ్చని అనుమతి వచ్చింది. ఆవిడ పిల్లలకి అర్థంకాకపోయినా రెండు పాటలు వచ్చేశాయట.

ఎనభైల్లో, షేర్ల బజారు కూలిపోయాక, చాలా కంపెనీల్లాగే మా కంపెనీ కూడా చిన్నదైంది. ఇటలీ టైల్సు తెప్పించడం మానేశారు. అమ్మోకి ఆఫీసులో పని తగ్గింది. అమ్మాన్‌లో ఉన్న కూతురు వచ్చెయ్యమని పోరు పెట్టింది. వీడ్కోలు భోజనం వరండాలోనే పెట్టాం. గోవా ఆంటీ ఏడ్చింది. ఆ మధ్య ప్రతి శుక్రవారం ఆవిడకి ఆయన ఫ్రెంచి నేర్పిస్తున్నారని అప్పుడే బయటపడింది. ఆవిడకి ఎన్ని మాటలు వచ్చాయో తెలియదు కానీ, ఏడుస్తూ కూడా ఫ్రెంచిలోనే ఏదో అంది.

ఎయిర్‌పోర్టుకి మా ఆయన గ్యారేజీ పికప్పులో తీసుకెళ్ళాం. నేను దిగులుగా ఉంటే అమ్మో ఊరుకోలేదు. దారి పొడవునా మా ఆయనతో గేరు బాక్సుల గురించి మాట్లాడారు. కౌంటరు దగ్గర ఆయన పెట్టె బరువు ఎక్కువైందన్నారు. అక్కడున్న కుర్రాడితో అరబ్బీలో, ఇంగ్లీషులో, ఆఖరికి ఇటాలియనులో వాదించి, పెట్టె పంపించేసి, గెలిచిన మొహంతో మా వైపు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత కొన్నాళ్ళకి ఆయన కూతురు ఫోను చేసింది. అమ్మాన్‌లో వాళ్ళుండే బిల్డింగులో లిఫ్టు ఎవరు బాగుచేయించాలని అద్దెకుండేవాళ్ళ మధ్య తగువట. నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నారట, పొద్దున లేస్తే మెట్ల మీదే ఉంటున్నారట, భోజనానికి పిలిస్తే రావడం లేదట. "ఆయన ఆరోగ్యం ఇంత బాగా ఎప్పుడూ లేదు" అంది.

ఆ ఏడు క్రిస్మస్‌కి ఫాదరుగారి గదిలోని ఫోనుకి ఆయనే చేశారు. ఒకరి తర్వాత ఒకరం రిసీవరు లాక్కున్నాం. గోవా ఆంటీ మాట్లాడింది, అమలాపురం అమ్మాయి ఒక చరణం పాడింది, రాయచోటి తమ్ముడు అందరికన్నా ఎక్కువసేపు పట్టుకున్నాడు. నా వంతు వచ్చేసరికి లైను గరగరలాడుతోంది.

"బాగున్నారా అమ్మో?" అని గట్టిగా అరిచాను.

"బాగున్నాను. మెల్లగా మాట్లాడు, నాకింకా చెవుడు రాలేదు" అన్నారు.